వాట్ల మావయ్య నోరు కట్టుకున్న వారం

ఆ ఎలక్ట్రికల్ షాపులో ఫ్యాను కొనాలంటే పది నిమిషాలు పడుతుంది. వైరు కొనాలంటే ఐదు నిమిషాలు. బల్బు కొనాలంటే మాత్రం ఇంట్లో చెప్పి రావాలి.

కారణం, బల్బుల కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కూర్చునే వాట్ల మావయ్య. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, ఇరవై ఏడేళ్లుగా షాపులో ఆయనకి వేరే పేరు లేదు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, బల్లమీద పెట్టుకునే చదువుదీపంలా ఉంటాడు. బల్బు అడిగిన మనిషికి బల్బు చూపించడు. ముందు ఆ మనిషిని ఎగాదిగా చూస్తాడు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు వేస్తాడు. ఏ దీపానికి, గోడదా, వేలాడేదా, బల్లమీదదా? షేడు మూసి ఉంటుందా, తెరిచి ఉంటుందా? లోపలి కాగితం మీద ఎన్ని వాట్లని రాసుంది?

మొదటి రెండు ప్రశ్నలూ ఎలాగోలా గట్టెక్కినవాళ్లు మూడోదాని దగ్గర చతికిలబడేవారు. లోపల కాగితం ఉంటుందన్న సంగతే చాలామందికి తెలియదు. ప్రతి దీపానికీ, బల్బు బిగించే హోల్డరు పక్కన, బొటనవేలి గోరంత కాగితం అంటించి ఉంటుంది. ఇన్ని వాట్లకు మించరాదు అని దాని మీద రాసుంటుంది. అంటించినవాడు తప్ప మరో మానవుడు దాన్ని చదివిన దాఖలాలు లేవు.

"ఇంటికెళ్లి, స్విచ్చి ఆపి, వేడి చల్లారాక షేడు తీసి, చదువుకుని రండి" అనేవాడు మావయ్య, పరీక్ష తప్పినవాడిని మళ్లీ మార్చిలో రమ్మన్నంత శాంతంగా. వెళ్లినవాళ్లలో సగం మంది తిరిగొచ్చేవారు. మిగతా సగం రోడ్డు దాటి ఎదురు షాపుకి పోయేవారు. అక్కడ ఏమీ అడగరు.

ఆయనకిది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. కౌంటరెక్కిన కొత్తలో ఆయనా నోరు మూసుకునే అమ్మాడు. ఒక పెద్దాయన నూరు వాట్ల బల్బు అడిగితే కాగితంలో చుట్టి ఇచ్చాడు. మర్నాడు ఆయన మళ్లీ వచ్చి కౌంటరు మీద నల్లగా కరిగి ముద్దయిన ఒక వస్తువు పెట్టాడు. అది షేడని ఆయన చెబితేనే తెలిసింది. ఆయన తిట్టలేదు, అరవలేదు. "ఎవరికీ ఏమీ కాలేదు లెండి. పిల్లలు పక్క గదిలో పడుకున్నారు" అని చెప్పి, ఆ వస్తువును అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే మావయ్య వారం రోజుల్లో మరిచిపోయేవాడు.

పెద్ద యజమాని ఉన్నన్నాళ్లూ ఈ మూడు ప్రశ్నలకి అడ్డు లేకపోయింది. ఆయన విశ్రాంతి తీసుకుని కొడుకుని కూర్చోబెట్టాక కష్టాలు మొదలయ్యాయి. చిన్న యజమాని చదువుకున్నవాడు. చదువుకున్నవాడు కాబట్టి గుమ్మం పక్కన నిలబడి, లోపలికి వచ్చినవాళ్లలో ఎంతమంది ఖాళీ చేతులతో మెట్లు దిగుతున్నారో మూడు నెలలు చూశాడు. చూసి, ఒక శుక్రవారం మావయ్యని గదిలోకి పిలిచాడు.

"మావయ్యా, నిన్నేమీ అనట్లేదు. కానీ సోమవారం నుంచి ఒక్క ప్రశ్న కూడా వద్దు. అడిగింది ఇచ్చెయ్. ఒక్కళ్లు బల్బు లేకుండా మెట్లు దిగారంటే, ఆ మర్నాడు నువ్వు కుళాయిల కౌంటర్లో ఉంటావు."

ఈ మాటలోని క్రూరత్వం అర్థం కావాలంటే కుళాయిల కౌంటరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అదే షాపులో, ఎదురు గోడకి, పైపులూ కుళాయిలూ అమ్మే ఆ కౌంటరుకి ఏలిక మావయ్య సొంత బావమరిది. భార్యకి తమ్ముడు. పద్నాలుగేళ్ల కిందట ఆ ఉద్యోగం వేయించింది మావయ్యే. ఆ మేలు బావమరిది మరిచిపోలేదు. రోజుకి నాలుగుసార్లు "మా బావ దయ" అని, ఐదోసారి బావని ఏడిపించేవాడు. కుళాయిల్లో ప్రశ్నలుండవు, అర అంగుళమా ముప్పావా అంతే, మనిషి ప్రశాంతంగా బతకొచ్చు అనేది అతని సిద్ధాంతం. అలాంటివాడి కింద, అతని స్టూలు కన్నా పొట్టి స్టూలు మీద, రబ్బరు వాషర్లు ఏరుతూ కూర్చోవడమంటే మావయ్యకి మరో జన్మ ఎత్తినంత పని. అదీ ఏ బల్లి జన్మో.

కబురు తెలిసిన గంటలో బావమరిది తన కౌంటరు వెనక గోడకి ఒక మేకు కొట్టాడు.

"ఎందుకురా అది?"

"నీ గొడుగుకి బావా. వచ్చాక వెతుక్కోకుండా."

ఆ సాయంత్రం మావయ్య ఇంటికెళ్లి భార్యకి ఇదంతా వంటింట్లో నిలబడి చెప్పాడు. వంటింట్లోనే ఎందుకంటే, ముందు గదిలో దీపం వెలగదు. ఏడాదిన్నరగా వెలగలేదు. దీపానికేమీ రోగం లేదు. దాని లోపలి కాగితం పాతబడి పొడిపొడిగా రాలిపోయింది. కాగితం లేని దీపానికి బల్బు లేదు అన్నది మావయ్య శాసనం. పరులకొక న్యాయం, తనకొక న్యాయం ఆయన దగ్గర చెల్లదు. అందుకని ముందు గది అలాగే ఉండిపోయింది. వచ్చిన చుట్టాలు తడుముకుంటూ కూర్చునేవారు. ఊరందరి బట్టలూ కుట్టే భార్య తన కుట్టుమిషనుని వంటింట్లో పొయ్యి పక్కకి మార్చుకుంది. కుట్టించుకున్న ప్రతి బట్టకీ వేపుడు వాసన ఉచితంగా వచ్చేది.

ఆవిడ అంతా విని, సూదిలో దారం ఎక్కిస్తూ, "నోరు కట్టుకోవడం మీవల్ల అవుతుందా?" అంది.

"అవ్వాలి" అన్నాడు మావయ్య.

సోమవారం ఉదయం ఆయన నోరు కట్టుకుని కూర్చున్నాడు. మొదట ఎవరి డ్రైవరో వచ్చి నూరు వాట్ల పాతరకం బల్బు ఒకటీ, ఎల్‌ఈడీ బల్బులు రెండూ అడిగాడు. నూరు వాట్లు ఏ దీపానికి అన్న ప్రశ్న మావయ్య గొంతుదాకా వచ్చింది. మింగాడు. అది కిందికి దిగకుండా అడ్డంపడితే దగ్గాడు. డ్రైవరు జాలిపడి మంచినీళ్లు తాగమన్నాడు. తర్వాత రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి, మంచం పక్క దీపానికని తనే చెప్పి, పాతదే నూరు వాట్లది ఇమ్మన్నారు. మంచం పక్క దీపమంటే గుడ్డ షేడు. మావయ్య కళ్లు మూసుకుని ఇచ్చాడు. మధ్యాహ్నానికి పద్నాలుగు మంది బల్బులతో మెట్లు దిగారు. చిన్న యజమాని దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. బావమరిది మేకు వైపు దిగులుగా చూశాడు.

ఆ మధ్యాహ్నం షాపు మూసి ఉన్న గంటన్నరలో మావయ్యకి అన్నం సయించలేదు. ఏమీ తోచక గ్యారంటీ కార్డులు తిరగేశాడు. బల్బు కొన్న ప్రతివాళ్లూ కార్డు మీద చిరునామా రాయాలన్నది ఆ షాపు పాత ఆచారం. ఒక్కో చిరునామా చదువుతుంటే ఆయనకి ఒక్కో షేడు కళ్ల ముందు కదిలింది. చదవగా చదవగా, యజమాని ఆజ్ఞలో ఉన్న ఒక లోటు కూడా కనిపించింది. కొనేటప్పుడు అడగొద్దన్నారు. కొన్నాక వెళ్లి చూడొద్దని ఎవరూ అనలేదు.

మంగళవారం ఒంటిగంటకి ఆయన క్యారేజీ బావమరిది చేతిలో పెట్టి, సంచీలో నాలుగు రకాల బల్బులు వేసుకుని, చిన్న మడత స్టూలు చంకన పెట్టుకుని బయలుదేరాడు. మొదటి మజిలీ హెడ్మిస్ట్రెస్ గారిల్లు. కాపురానికి పంపిన పిల్లని చూడబోయిన తండ్రిలా గుమ్మంలో నిలబడి, "మా బల్బు ఎలా ఉందమ్మా?" అన్నాడు.

ఆవిడ నలభై ఏళ్లు బడి నడిపిన మనిషి. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడో లేదో ముందు తేల్చుకుని ఆ తర్వాత లోపలికి రానిచ్చారు. మంచం పక్కన దీపం ఉంది. గుడ్డ షేడు మీద, సరిగ్గా బల్బుకి ఎదురుగా, టీ ఒలికినట్టు ఒక గోధుమరంగు మచ్చ. మావయ్య ప్లగ్గు పీకి, బల్బు చల్లారేదాకా ఆగి, షేడు ఎత్తి, భూతద్దం పెట్టి చదివి, ఆ భూతద్దం ఆవిడకిచ్చాడు. నలభై వాట్లకు మించరాదు, అని ఉంది.

ఆవిడ రెండుసార్లు చదివారు. నలభై ఏళ్లపాటు పిల్లలకి ప్రశ్నపత్రం పూర్తిగా చదివి జవాబు రాయండని చెప్పి చెప్పి, తను మాత్రం ఆరేళ్లుగా చదవకుండానే వెలిగిస్తున్నందుకు కాస్త ఎర్రబడ్డారు. మావయ్య తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ తీసి బిగించబోయేసరికి డబ్బా లాక్కుని చూసి, వెంటనే హెడ్మిస్ట్రెస్ అయిపోయారు.

"ఆగండి. నలభైకి మించొద్దని మీరే చదివించారు. దీని మీద ఇంత లావున అరవై అని ఉందే?"

ఈ ప్రశ్న కోసం మావయ్య ఇరవై ఏడేళ్లూ ఎదురుచూశాడని చెప్పలేం గాని, ఆ క్షణంలో ఆయన మొహం మాత్రం అలాగే వెలిగింది.

"రెండంకెలుంటాయమ్మా. చిన్నది అది తినేది. పెద్దది అది చేసే పని. ఇది తొమ్మిది వాట్లు తిని, పాత అరవై వాట్ల బల్బంత వెలుగిస్తుంది. వేడి పుట్టేది తిన్నదాన్ని బట్టి. షేడుకి తిండితోనే లెక్క, పనితో కాదు." ఒక్క క్షణం ఆగి, "మా బావమరిది దీనికి తిరగేసిన రకం. అరవై తిని తొమ్మిది చేస్తాడు" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు గాని, నూటికి నూరు వేశానన్నారు.

బుధ, గురు, శుక్రవారాలు అలాగే గడిచాయి. ఒకింట్లో ఆయన్ని సామాను జప్తు చేయడానికి వచ్చినవాడనుకుని తలుపు తీయలేదు. కిటికీ లోంచే షేడు చూపించమని బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇంకో ఇంట్లో ఇల్లాలు ఆయన కూలరు బాగుచేయడానికి వచ్చాడనుకుంది. ఎంత చెప్పినా వినకపోతే ఆ పని కూడా చేసి వచ్చాడు. ఒక మంగలి ఇంట్లో స్నానాలగది దీపానికి మూతే లేదని తేలింది. ఆవిరి తగిలే చోట మూత ఉన్న దీపం పెట్టించేదాకా ఆయన కదలలేదు. అతను కృతజ్ఞతతో అక్కడికక్కడే గడ్డం గీసి పంపించాడు. రోజూ క్యారేజీ ఖాళీ అయ్యేది. ఖాళీ చేసేది బావమరిది. మావయ్య మాత్రం చిక్కి సగమై, ముందే సన్ననివాడు కాబట్టి, దాదాపు కనిపించడం మానేశాడు.

శనివారం ఒకే ఒక్క కార్డు మిగిలింది. సోమవారం మొదట వచ్చిన డ్రైవరుది. అందులో పేరు లేదు. "మందుల షాపు వెనక, ఆకుపచ్చ గేటు" అని మాత్రం ఉంది.

ఆకుపచ్చ గేటు తీసింది ఒక ముసలావిడ. షాపు నుంచి వచ్చానని మావయ్య చెప్పడమే ఆలస్యం, నాయనా రా రా అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. హాల్లో పైకప్పుకి అతుక్కుని గాజుకుండ లాంటి పెద్ద దీపం ఉంది. దాంట్లో బల్బు రెండు నెలలు ఉండట్లేదనీ, మా అబ్బాయి బల్బులు చేసే కంపెనీని నోటికొచ్చినట్టు తిడుతున్నాడనీ ఆవిడ చెప్పింది. మావయ్య స్విచ్చి ఆపించి, స్టూలెక్కి, మరలు తిప్పి, గాజు దించాడు. అందులో ఒక తరం దోమలు సమాధి అయి ఉన్నాయి. గాలి దూరే సందు ఎక్కడా లేదు. ఎల్‌ఈడీకి మెడ దగ్గర వేడి ఉంటుంది, ఆ వేడి పోవడానికి దారి లేకపోతే ఊపిరాడక చస్తుంది, మూసిన దీపాల్లో వాడరాదని డబ్బా మీద చీమతల అక్షరాల్లో ఉంటుంది, మూసిన దీపాలకని వేరే రకం వస్తుంది అని ఆయన పైనుంచి ఉపన్యాసం ఇస్తుండగా, కింద స్నానం గది తలుపు తెరుచుకుంది.

తువ్వాలు భుజాన వేసుకుని, తల తుడుచుకుంటూ బయటికి వచ్చినవాడు చిన్న యజమాని. ఆరు నెలల కిందట అతను ఈ ఇంట్లోకి మారిన సంగతి షాపులో ఎవరికీ తెలియదు, అతని తల్లి ఏనాడూ షాపు మెట్లెక్కలేదు. ఒకరు స్టూలు మీద చచ్చిన దోమల గాజుకుండతో, ఒకరు నేల మీద తువ్వాలుతో, కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"మావయ్యా, మా ఇంట్లో ఏం చేస్తున్నావు?"

"ప్రశ్నలేమీ అడగట్లేదు బాబూ" అన్నాడు మావయ్య. "చదువుకుంటున్నాను. అంతే."

యజమాని కోపం తెచ్చుకోవడానికి సిద్ధమయ్యేలోపు ముసలావిడ అడ్డొచ్చింది. తన గదిలో మంచం పక్క దీపం నుంచి ఏదో మాడు వాసన వస్తోందని నాలుగు నెలలుగా మొత్తుకుంటున్నాననీ, నీ ముక్కు పాడైందమ్మా అని వీడు కొట్టిపారేస్తున్నాడనీ, ఇంత మంచివాడు వచ్చాడు కదా, ఆ ముక్కు సంగతేదో ఇవ్వాళే తేలిపోవాలనీ అంది.

ముగ్గురూ ఆ గదిలోకి వెళ్లారు. మావయ్య ప్లగ్గు పీకి, చల్లారాక బల్బు మీద చెయ్యి వేశాడు. అది తనే సోమవారం అమ్మిన నూరు వాట్ల బల్బు. దాన్ని తిప్పేసరికి బల్బుతో పాటు హోల్డరు ముక్కలుముక్కలుగా, టీలో నానిన బిస్కట్టులా, ఆయన అరచేతిలోకి రాలింది. వైరు మీద తొడుగు నల్లబడి పెళుసెక్కి ఉంది. కాగితం మీద ఇరవై ఐదు అని ఉంది.

మావయ్య అరచేతిలోని ముక్కల్ని జాగ్రత్తగా బల్లమీద పోశాడు.

"సోమవారం నేనే ఇచ్చాను బాబూ. ఏ దీపానికని గొంతుదాకా వచ్చింది. మింగేశాను." ఆయన నల్లబడ్డ వైరు ఎత్తి చూపించాడు. "ఒక్క వారంలో ఇంత మాడదు. అంతకు ముందు కూడా నూరే వేసుంటారు. అవి మన దగ్గర కొన్నవి కావు."

ఎదురు షాపులో, అంది ముసలావిడ. మన షాపులో ముసలాయనెవరో ప్రశ్నలు వేసి చంపుతాడని డ్రైవరు ఎప్పుడూ ఎదురు షాపుకే పోతాడట. ఈ వారం ఆయన నోరు మూయించారని తెలిసి, ధైర్యంగా ఇక్కడికే వచ్చాడట.

చిన్న యజమాని ఆ బిస్కట్టు ముక్కల్ని చూశాడు. వాటి పక్కనే ఉన్న తల్లి దిండుని చూశాడు. చాలాసేపు తల తుడుచుకున్నాడు, తల ఎప్పుడో ఆరిపోయినా.

"సోమవారం నుంచి అడుగు మావయ్యా. ఎన్నయినా అడుగు" అన్నాడు చివరికి. కానీ ఎంతయినా చదువుకున్నవాడు. అక్కడితో ఆగలేదు. "అయితే ఇంటికి పంపించడం మాత్రం కుదరదు. ఎన్ని అడిగినా చివరికి వాళ్ల చేతికి సరైన బల్బు ఒకటి ఇచ్చే పంపాలి. ఖాళీ చేతులతో ఎవరు దిగినా కుళాయిలే."

ఆ వార్త సాయంత్రానికి బావమరిదికి తెలిసింది. బావమరిదికి తెలిసిందంటే అతని అక్కకి తెలిసినట్టే.

సోమవారం ఉదయం వాట్ల మావయ్య స్టూలు మీద పట్టాభిషేకం జరిగినవాడిలా కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఐదుగురిని అడిగి, ఐదుగురికీ ఇచ్చాడు. ఆరో మనిషిగా సంచీ పట్టుకుని కౌంటరు ముందు నిలబడింది ఆయన భార్య.

షాపు షాపే. మావయ్య సర్దుకుని, "ఏ దీపానికండీ?" అన్నాడు.

"ముందు గదిలో వేలాడేది."

"షేడు?"

"రేకుది. కింద తెరిచే ఉంటుంది."

మావయ్య మూడో ప్రశ్న అడగడానికి జంకాడు. ఆవిడే అందుకుంది. "లోపల కాగితం లేదండీ. రాలిపోయింది. కాగితం లేని దీపానికి బల్బు వెయ్యకూడదని మా ఇంటాయన చెప్పారు."

"ఆయనకి తెలిసే చెప్పుంటారు."

"ఆయనకి చాలా తెలుసండీ. చీకట్లో కూర్చుని చెబుతుంటారు."

కుళాయిల కౌంటర్లో ఏదో కిందపడ్డ చప్పుడైంది. బావమరిది నవ్వు ఆపుకోలేక వాషర్ల డబ్బా వదిలేశాడు. గుమ్మం దగ్గర చిన్న యజమాని అటు తిరిగి నిలబడ్డాడు గాని, చెవులు ఇటే ఉన్నాయి. మావయ్యకి ఒకవైపు తన శాసనం, ఇంకోవైపు మేకు కనబడ్డాయి. శాసనం ప్రకారం ఈవిడకి బల్బు లేదు. బల్బు లేకపోతే తనకి ఈ స్టూలు లేదు.

"లేదంటే చెప్పండి, వెళ్తాను" అని ఆవిడ సంచీ భుజాన వేసుకుని, తాపీగా గుమ్మం దాటి, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. బావమరిది జేబురుమాలు తీసి మేకు తుడవడం మొదలుపెట్టాడు.

"ఆగండి" అన్నాడు మావయ్య.

ఆవిడ అక్కడే, ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు గుమ్మంలోనూ ఉంచి నిలబడింది.

"వైరు నల్లబడిందా? హోల్డరు వదులైందా?"

"లేదు. నిరుడు మీరే, అంటే మా ఆయనే, గంటసేపు పరీక్ష చేసి బాగుందన్నారు."

మావయ్య లేచి నిలబడ్డాడు. ఇరవై ఏడేళ్లలో చదివిన కాగితాలన్నీ మనసులో తిరగేశాడు. "కాగితం లేకపోతే, ఉన్నవాటిలోకల్లా పిసినారి కాగితం ఉందనుకోవాలి" అన్నాడు నెమ్మదిగా, తనకి తానే పాఠం చెప్పుకుంటున్నట్టు. "ఇరవై ఐదుకి తక్కువ రాసింది నేను ఇంతవరకూ చూడలేదు. ఐదు వాట్ల ఎల్‌ఈడీ ఇస్తాను. షేడు తెరిచుంది, గాలాడుతుంది. అది తినేదెంత, పుట్టే వేడెంత. దాన్ని చూసి ఏ దీపమూ భయపడదు."

చెప్పాక ఆయనకే ఆశ్చర్యమేసింది. ఈ జవాబు ఏడాదిన్నరగా ఆయన దగ్గరే ఉంది. ఇంట్లో అడగలేదని కాదు, ఆవిడ వంటింట్లోంచి రోజూ అడుగుతూనే ఉంది. కౌంటరుకి అవతల నిలబడి అడగడం మాత్రం ఇదే మొదటిసారి.

ఆవిడ మెట్టు మీంచి వెనక్కి వచ్చి బల్బు తీసుకుంది. మావయ్య కార్డు ముందుకు తోశాడు. ఆవిడ చిరునామా మొత్తం, వీధీ ఇంటి నంబరుతో సహా, విడివిడి అక్షరాలతో రాసింది.

ఒంటిగంటకి మావయ్య స్టూలు చంకన పెట్టుకుని, ఆ కార్డు చేతపట్టుకుని, ఆ చిరునామాకి వెళ్లి తలుపు తట్టాడు.

"ఎవరండీ?" అంది ఆవిడ లోపల్నుంచి.

"షాపు నుంచి. పొద్దున మీరు కొన్న బల్బు చూసి పోదామని."

"రండి. చెప్పులు బయట విడవండి."

ముందు గది అప్పటికే వెలుగుతోంది. కుట్టుమిషను పొయ్యి పక్క నుంచి వచ్చి దీపం కింద కూర్చుంది. ఏడాదిన్నర బూజు మూలమూలలా వేలాడుతూ ఆయన్ని పలకరించింది. మావయ్య స్టూలెక్కి, అరచెయ్యి షేడుకి దగ్గరగా పెట్టి, ఐదు నిమిషాలు అలాగే ఉంచాడు. వేడి లేదు. ఇంకో ఐదు నిమిషాలు ఉంచాడు. లేదు. కిందికి దిగి, కార్డు వెనక 'సరిగా ఉన్నది' అని రాసి సంతకం పెట్టాడు.

"ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?" అంది ఆవిడ, మిషను తొక్కుతూనే.

"ఒక్కటుంది" అన్నాడు మావయ్య. "అన్నం ఉందా?"

"అదేమిటి, పొద్దున క్యారేజీ కట్టాను కదా?"

మావయ్య ఒకసారి దీపం వైపు, ఒకసారి భార్య వైపు చూశాడు. "అరవై తినేవాడికి ఇచ్చి వచ్చాను" అని పీట వాల్చుకున్నాడు.